దిగమన్న మాట

గిలకలదిండి, బందరు
12 నవంబరు 2023

ఆసిమ్,

కొండపల్లి కొండెక్కేటప్పుడు మీరిద్దరు. దిగేటప్పుడు నువ్వొక్కడివే ఎలా వచ్చావు?

పోలీసులకి చెప్పానంటావు. కాలు జారి పడ్డాడని రాసిచ్చావు. నాకు చెప్పలేదు. లోకంలో మొదటి హత్య జరిగినప్పుడు దేవుడు కూడా ఇలాగే అడిగాడు, నీ తోడబుట్టినవాడేడి అని. ఆయనకి తెలియక కాదు, ఆ నోటితోనే చెప్పించాలని. నాకు మాత్రం నిజంగానే తెలియదు. ఫోను చేస్తే ఎత్తవు. అందుకని కాగితం మీద అడుగుతున్నాను. కాగితాన్ని కట్ చెయ్యలేవు కదా.

నేను బళ్ళో చదివినవాణ్ణి కాను. వల అల్లుతూ, మోకాలి పక్కన బైబిలు వాక్యం తెరిచి పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కున్నవాణ్ణి. నాకు పాస్టరు పట్టా లేదు, జీతం లేదు. ముప్పయ్యేళ్ళుగా ఈ రేవులో ప్రార్థన కూటం పెడుతున్నాను. నా మాటకి తాగుబోతులు సీసాలు పగలగొట్టారు. నా కొడుకు గంగాధర్ మాత్రం బ్యాగు తగిలించుకుని పాత కోటల వెంట పడ్డాడు. ఎక్కడ ఎవరు ఎవర్ని చంపుకున్నారో ఆఫీసు పిల్లలకి చూపించి తిప్పడం ఒక బతుకా అని తిట్టేవాణ్ణి. నువ్వు వాడికి జత.

ఆగస్టు పంతొమ్మిది, శనివారం, సాయంత్రం నాలుగుంపావు. గంగాధర్ నాకు ఫోను చేశాడు. నువ్వు స్టేషన్లో ఏమన్నావు? ఆ మధ్యాహ్నం వాడు ఎవరితోనూ మాట్లాడలేదన్నావు. ఫోను లెక్క తీస్తే నా నంబరు బయటపడింది. ఎందుకు అబద్ధమాడావు? ఆ అబద్ధం పట్టుకునే నీమీద ఫిర్యాదు ఇచ్చాను. దాచేదేమీ లేనివాడు అబద్ధమాడడు.

వాడేమన్నాడో చెబుతా విను. గాలి హోరు. మాట తెగి తెగి వస్తోంది. "నాన్నా... దిగుతా... దిగమంటావా?" అన్నాడు.

మా రేవులో బాప్తిస్మం అన్న పెద్ద మాట ఎవరూ వాడరు. సముద్రం పక్కనోళ్ళం. నీళ్ళలో దిగితే అదే బాప్తిస్మం. ఫలానావాడు దిగాడా, వచ్చే ఆదివారం దిగుతున్నాడా అని అడుగుతాం. నేను దిగాను. నా భార్య గంగారత్నం దిగింది. వాడొక్కడే పదేళ్ళుగా తప్పించుకుని తిరిగాడు. ఆ ఒక్క మాట కోసం నా మోకాళ్ళు కాయలు కాశాయి. నేనన్నాను, "దిగు. ఈ రోజే దిగు. రేపటిని నీకెవరు రాసిచ్చారు?"

అరగంటలో వాడు లేడు.

రక్షణ కావాలని నోరు తెరిచిన బిడ్డని ఆ అరగంటలో ఎవరు ఆపారు? వాడి పక్కన ఉన్నది నువ్వు. ఆ మాట విన్నది నువ్వు. నీకు నచ్చలేదా? మాటా మాటా పెరిగిందా? చెయ్యి ఎత్తావా? చెప్పు.

కాశీరావు


మైలవరం
24 నవంబరు

బాబాయ్ గారికి,

ఆసిమ్ సలాములు. ఇలా పిలిచే హక్కు నాకింకా ఉందో లేదో తెలియదు. వేరే ఎలా పిలవాలో రాక ఇలాగే రాస్తున్నాను. మీ ఇంట్లో పీతల పులుసు తిని, పిన్ని గారి చేత "ఈడికి ముల్లు తీయడం రాదు, పీతే నయం" అని తిట్లు తిన్నవాణ్ణి.

నేనిప్పుడు విజయవాడలో లేను. గవర్నర్‌పేటలో మా అమ్మ కుట్టుమిషను షాపుకి వచ్చే ఆడవాళ్ళు జాకెట్టు కొలతలిస్తూ నా కేసు గురించి అడుగుతున్నారట. అమ్మ రెండు వారాలు షట్టరు తీయలేదు. అందుకని మైలవరంలో అమ్మ చెల్లెలు, మా ఖాలా ఇంటికి వచ్చేశాను. మామిడితోటలో పని చూసుకుంటున్నాను.

అబద్ధమాడాను బాబాయ్ గారూ. ఒప్పుకుంటున్నాను. ఎందుకని మాత్రం అడగకండి. మా ఇద్దరికీ గొడవ జరగలేదు. నా చెయ్యి వాడి మీద పడలేదు. ఆఖర్న వాడి చెయ్యి కోసం చాచాను, అందలేదు. ఇంతకంటే రాయలేను.

మీకు తెలియాల్సింది ఇంకొకటుంది. ఫారెస్టు బీట్ ఆఫీసరు పరీక్ష ఇద్దరం కలిసి రాశాం గుర్తుందా. నేను సెలెక్టయ్యాను. పోలీసు వెరిఫికేషన్ మీ ఫిర్యాదు దగ్గర ఆగింది. మార్చి నెలాఖరులోపు క్లియరెన్స్ రాకపోతే నా తర్వాతివాడికి ఇచ్చేస్తారు. ఫిర్యాదు వెనక్కి తీసుకోమని అడగడం లేదు. ఎవరో చెబితే నేను దాచాననుకుంటారని రాస్తున్నాను.

వాడి పెద్ద బ్యాగు మా ఇంట్లో ఉండిపోయింది. ఆ రోజు చిన్నదే తెచ్చాడు. మీకు పార్శిల్ చేయించాను. అందులో వాడి నోటుబుక్కుంది. బందరు కోట నుంచి కొండపల్లి కోట దాకా కాలువ గట్టున ఆరు రోజుల నడక ప్లాను చేశాడు. జనవరిలో మొదటి బ్యాచ్ తీసుకెళదామన్నాడు.

మీ ఆసిమ్


పామర్రు దాటాక, కాలువ గట్టు
9 జనవరి 2024

ఆసిమ్,

ఏమీ చెప్పకుండా రెండు పేజీలు నింపడం ఎక్కడ నేర్చుకున్నావు? నువ్వు కూడా ప్రసంగాలు చేయొచ్చు.

నువ్వు చెప్పకపోతే నేల చెబుతుందని బయల్దేరాను. చిందిన రక్తం నేలలోంచి మొర పెడుతుందని వాక్యంలో ఉంది. వాడి బ్యాగే తగిలించుకున్నాను. గంగారత్నం గుమ్మంలో అడ్డం నిలబడింది. నీకు అరవై రెండేళ్ళు, మోకాళ్ళు లేవు అంది. మోకాళ్ళు ప్రార్థనలో అరిగినవి, నడకలో అరిగితే తప్పేంటన్నాను. "కొండెక్కి చూస్తే కొడుకు కనిపిస్తాడా" అని లోపలికి పోయింది.

వాడి పుస్తకంలో రాసినట్టే మొదలుపెట్టాను. పుట్టినప్పటినుంచీ బందరు కోట పక్కనే ఉన్నాను, ఒక్కసారి ఆగి చూడలేదు. ఫ్రెంచివాళ్ళు లోపలుంటే ఇంగ్లీషువాళ్ళు బురదలోంచి వచ్చి పట్టుకున్నారని రాశాడు. ఆ బురద ఇంకా అలాగే ఉంది. మడచెట్ల వేళ్ళు పైకి లేచి, ఎండ్రకాయలు అటూ ఇటూ పరిగెడుతున్నాయి. ఎవరు గెలిచారో వాటికి పట్టలేదు. డచ్చి దొరల సమాధుల మీద పుర్రె బొమ్మలు చెక్కి ఉన్నాయి. గంగాధర్ కింద రాసుకున్నాడు, "ఇక్కడ అందరికీ మంచినీళ్ళు ఇవ్వాలి, నీడ లేదు" అని. చచ్చిన దొరల గురించి నాలుగు ముక్కలు, బతికున్నవాళ్ళ దాహం గురించి పేజీ అంతా. అది చూసి ఒక సమాధి మీదే కూర్చుండిపోయాను.

గట్టు వెంట మినుము చేలు. కాలువ నిండా గుర్రపుడెక్క, దాని మీద తెల్ల కొంగలు అధికారుల్లా నడుస్తున్నాయి. ఇంత అందమైన నేలని ఆయన ఎందుకు చేశాడో, ఇంత సైన్యాన్ని దాని మీదికి ఎందుకు తోలాడో నాకర్థం కాలేదు. ఒక హోటలు దగ్గర టీ పోసే పద్మావతమ్మ నన్ను పైనించి కిందిదాకా చూసి, "ఏం బాబాయ్, పెళ్ళాం తరిమేసిందా, ఫారిన్ వాడిలా బ్యాగేసుకున్నావ్" అంది. మా అబ్బాయిదమ్మా అన్నాను. గ్లాసు కడిగి ఇంకో టీ పోసింది.

ప్రతి ఊళ్ళో సాక్ష్యం చెబుతున్నాను. నా కొడుకు దిగుతానన్నాడు, నేను ఈ రోజే అన్నాను, అరగంటలో పోయాడు, మీకు అరగంట ఉందో లేదో ఎవరికి తెలుసు అంటున్నాను. జనం ఏడుస్తున్నారు. నవంబరు నుంచి ముప్పయ్యొక్కమంది దిగారు. వాడు దిగలేని నీళ్ళలో వాడి పేరు మీద ముప్పయ్యొక్కమంది. సైతాను ఒకణ్ణి లాక్కుంటే నేను ముప్పయ్యొక్కమందిని లాక్కున్నాను. నీకిది నచ్చకపోవచ్చు.

అయినా రాత్రి ఎవరి అరుగు మీదో పడుకుంటే మనసు ఆగడం లేదు. వాడు నడిచేటప్పుడు పాడేవాడా? దారిలో ఏం తినేవాడు? వాడి గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు. అది నీమీద నాకున్న రెండో ఫిర్యాదు.

కాశీరావు


మైలవరం
16 జనవరి

బాబాయ్ గారికి,

పాడేవాడు కాదు. ఈల వేసేవాడు, అది కూడా శ్రుతి లేకుండా. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు జేబులో పోసుకుని, తొక్కలు కూడా జేబులోనే వేసుకునేవాడు. కొండ మీద చెత్త పారేస్తే ఎవర్నైనా తిట్టేవాడు.

రెండు విషయాలు బతిమాలుకుంటాను. కొండపల్లి కొండ ఎక్కకండి. విజయవాడలో బస్సెక్కి ఇంటికెళ్ళిపోండి. రెండోది, ఆ సాక్ష్యం చెప్పడం ఆపేయండి. దయచేసి. ఫిర్యాదు అలాగే ఉంచుకోండి, నాకు అభ్యంతరం లేదు. సాక్ష్యం మాత్రం ఆపండి.

ఆసిమ్


కొండపల్లి
2 ఫిబ్రవరి

ఆసిమ్,

నాకు ఆపమని చెప్పడానికి నువ్వెవరివి? ప్రవక్తల నోళ్ళు మూయడానికి రాజులే చాలలేదు.

బందరుకి చేరిన నీ ఉత్తరం ఫోన్లో చదివించుకుని విన్నాను. కోపంతోనే వచ్చాను. బెంజ్ సర్కిల్ దగ్గర జ్వరంతో పడిపోతే రెండు వారాలు ఒక విశ్వాసి ఇంట్లో ఉంచారు. లేచి నడిచాను. నిన్న కొండెక్కాను. మోదుగలు పూసి అడవి అంటుకున్నట్టుంది. బొమ్మలు చెక్కే పొణికి చెట్టు కోసం వెతికితే ఒక్కటి కనిపించింది. మూడు ద్వారాలు దాటాను. రాయలవారు రెండు నెలలు చుట్టుముట్టి పట్టిన కోట ఇదేనని వాడి రాత. యుద్ధంలో పడిపోయిన గులాబ్ షా దర్గా దగ్గర నువ్వు ఎప్పుడూ ఆగేవాడివని, తను చెప్పులు చూసుకుంటూ బయట నిలబడేవాణ్ణని రాశాడు. నేనూ కాసేపు అక్కడ నిలబడ్డాను.

వెనక గోడ కూలిన చోట మేకలు కాసే శౌరమ్మ అనే ఆమె కనిపించింది. ఎండకి నల్లగా మాడిన మనిషి, మెడలో జపమాల. నేను ఎవరో చెప్పకుండానే ఆమె బ్యాగు చూసి, ఇలాంటి బ్యాగుల పిల్లలు ఇద్దరు వర్షాకాలంలో వచ్చారని, ఒకడు ఇక్కడే పోయాడని చెప్పింది. ఈ దారి మేకలది, మనుషులది కాదని ముందే అరిచి చెప్పిందట. ఆ పోయినవాడు గోడ మీద నిలబడి, చేత్తో కిందకి చూపిస్తూ ఫోన్లో మాట్లాడాడట. ఆమె అన్న మాట ఆమె నోటితో వచ్చినట్టే రాస్తున్నాను. "ఇటే దిగుతా, దిగమంటావా నాన్నా అని అడిగాడయ్యా. ఆ మహానుభావుడెవరో దిగమన్నాడు కాబోలు, దిగాడు."

చేత్తో కిందకి చూపిస్తూ.

ఆసిమ్, నాకు ఫోన్లో చెయ్యి కనిపించదు. నాకు వినిపించింది నాలుగు ముక్కలు. మధ్యలో గాలి మింగినవి ఎన్నో నాకు తెలియదు. ఆమె చదువురానిది, పొరబడి ఉండొచ్చు. పొరబడిందని రాయి. వాడు అన్నది నేను విన్నదేనని ఒక్క లైను రాయి, ఫిర్యాదు రేపే చింపేస్తాను.

లేకపోతే అంతా రాయి. నన్ను చూసి జాలిపడొద్దు. స్టేషను పక్క వీధిలో బొమ్మల పని చేసేవాళ్ళ వసారాలో ఉంటున్నాను. జవాబు వచ్చేదాకా కదలను.

కాశీరావు


మైలవరం
11 ఫిబ్రవరి

బాబాయ్ గారికి,

ఆ ఒక్క లైను రాద్దామని తొమ్మిది రోజులు కూర్చున్నాను. మీరు అబద్ధం అడిగారు, నేను అబద్ధం ఆడటానికి సిద్ధంగానే ఉన్నాను. కానీ మీరు మళ్ళీ అదే చోటికి వెళ్ళి శౌరమ్మను అడుగుతారు. ఆమె దగ్గర అరకొరగా వినడం కంటే నా దగ్గర మొత్తం వినండి.

ఆ రోజు మూడింటిదాకా వాన. ఇంగ్లీషువాళ్ళ సమాధుల దగ్గర తడుస్తూ వేరుశనక్కాయలు తిన్నాం. వాన ఆగాక వాడు టైము చూసుకుని కంగారుపడ్డాడు. ముందు రోజు మీరు ఫోన్లో, ఈ శనివారం కూటానికి రాకపోతే నా గడప తొక్కొద్దు అన్నారట. రోడ్డు మీదుగా చుట్టూ తిరిగితే రైలు పోతుంది. గోడ వెనక మేకల దారిన దిగితే అరగంట. రాళ్ళు తడిగా ఉన్నాయి, వద్దన్నాను. శౌరమ్మ కూడా వద్దంది. ఇద్దరం పట్టుబట్టేసరికి వాడన్నాడు, "సరే, మా నాన్ననే అడుగుతా. ఆలస్యమైనా పర్లేదంటే చుట్టూ తిరిగే పోదాం."

స్పీకరు పెట్టాడు. వాడు మీతో అన్నది ఇది. "నాన్నా, వాన పడింది. చుట్టూ తిరిగొస్తే కూటం అయిపోద్ది. కొండ వెనకనించి ఇటే దిగుతా. రాళ్ళు జారుతున్నాయంటున్నాడు ఆసిమ్. దిగమంటావా?"

మీరు దిగు అన్నారు. ఈ రోజే అన్నారు. రేపటి గురించి అన్నారు. మొదట మాకేమీ అర్థం కాలేదు. ఫోను పెట్టేయడం మర్చిపోయి మీరు పిన్ని గారిని కేకేశారు, "రత్నం, నీ కొడుకు దిగుతానన్నాడే" అని. తర్వాత మీరు ఏడవడం వినిపించింది. అప్పుడు అర్థమైంది.

వాడు పగలబడి నవ్వాడు. కాసేపటికి ఆపేశాడు. మీ ఏడుపు ఇంకా వినిపిస్తూనే ఉంది. చెప్పరా, నువ్వు అడిగింది అది కాదని చెప్పు అన్నాను. వాడు ఫోను కట్ చేసి, "వద్దురా. మా నాన్న సంతోషంతో ఏడవగా నేనెప్పుడూ వినలేదు. ఫోన్లో చెబితే చచ్చిపోతాడు. ఇంటికెళ్ళి పక్కన కూర్చుని మెల్లగా చెప్తా. నాన్న అక్కడందరికీ చెప్పేసే లోపు వెళ్ళాలి" అన్నాడు. గోడ దాటాడు. పది అడుగులు బాగానే వేశాడు. తర్వాత రాయి కదిలింది.

పోలీసులు అడిగినప్పుడు వాడు ఫోను చేశాడంటే ఏం మాట్లాడారో చెప్పాలి. చెబితే అది మీ దాకా వస్తుంది. అందుకని ఎవరితోనూ మాట్లాడలేదన్నాను. లెక్కలు తీస్తారని తోచలేదు. వాడు మీకు దాచాలనుకున్నది నేను ఆర్నెల్లు దాచాను. క్షమించండి, ఇంక దాచలేకపోయాను.

బాబాయ్ గారూ, మీరు చంపలేదు. నేను రాసింది చదివి మీరు అలా అనుకుంటే ఈ ఉత్తరం రాసిన పాపం నాది.

ఆసిమ్


కొండపల్లి
26 మార్చి, ఉదయం

బాబూ ఆసిమ్,

నెలన్నర రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు.

వాక్యంలో ఒక తండ్రి ఉన్నాడు. యుద్ధంలో గెలిపిస్తే ఇంటికెళ్ళగానే గుమ్మంలోంచి మొదట ఎదురొచ్చినదాన్ని అర్పిస్తానని మొక్కుకున్నాడు. కూతురు ఎదురొచ్చింది. ఎన్నోసార్లు ఆ కథ చెప్పాను, నోరు అదుపులో పెట్టుకోండి అని ఊళ్ళకి బుద్ధులు చెప్పాను. ఆ తండ్రికి కనీసం తను ఏమన్నాడో తెలుసు.

బందరు వెళ్ళాను. గంగారత్నానికి నీ ఉత్తరం చదివి వినిపించాను. సగంలోనే ఆపమంది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. కంచం పెట్టి పక్కింటికి పోతుంది. ఆదివారం కూటంలో లేచి నిజం చెప్పాను. నా కొడుకు దిగుతానన్నది నీళ్ళలోకి కాదు, కొండ మీదనించి అన్నాను. నేను వినలేదు, నాకు కావలసింది విన్నాను అన్నాను. కొందరు లేచి వెళ్ళిపోయారు. ఒక పెద్దాయన, పోనీలే కాశీరావూ, దేవుడు ఆ మాట వాడుకున్నాడుగా, ముప్పయ్యొక్కమంది దిగారుగా అన్నాడు. ఆయన మీద చెయ్యి చేసుకోబోయాను. నా బిడ్డని రాళ్ళ మీద పారేసి ముప్పయ్యొక్కమందిని కొనుక్కునే దేవుణ్ణి నేను ప్రకటించలేదు. ప్రకటించానేమో. ఇంక తెలియడం లేదు. ప్రార్థనకి కూర్చుంటే నోట్లోంచి మాట రావడం లేదు. కూటం తలుపుకి తాళం పెట్టి తాళంచెవి కూటం పెద్దలకి ఇచ్చేశాను.

నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు సరేనంటావు, నీ గుణం నాకు తెలిసింది. ఆ సరే వినే హక్కు నాకు లేదు.

ఒక్క పని మిగిలింది. నిన్న స్టేషన్లో నా ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. ఫోన్లో ఏం జరిగిందో, దిగమన్నది నేనేనని రాసి సంతకం పెట్టాను. శౌరమ్మ వచ్చి తను విన్నది చెప్పి వేలిముద్ర వేసింది. అక్కడి ఆఫీసరు చదివి, పెద్దాయనా, ఇది చాలదన్నాడు. మొదట నువ్విచ్చిన వాంగ్మూలంలో అబద్ధం అలాగే ఉంది. నువ్వే వచ్చి అది మార్చి రాయాలి, అప్పుడే ఈ కాగితం ముందుకి కదులుతుందట. శుక్రవారం సెలవు, తర్వాత శని ఆదివారాలు. ముప్పయ్యొకటితో నీ గడువు అయిపోతుంది. ఇవాళ రాస్తే రేపు విజయవాడ పంపిస్తానన్నాడు. రేపు రాస్తే మాట ఇవ్వలేనన్నాడు.

నువ్వు నాకోసం ఇంకా నోరు కట్టుకుని కూర్చుంటావని నా భయం. ముసలాడు చెడిపోతాడు, రేవులో తలెత్తుకోలేడు అనుకుంటావు. నేను చెడిపోవడం అయిపోయింది బాబూ. ఇంక నన్ను కాపాడటానికి ఏమీ మిగల్లేదు. నీ బతుకు మిగిలింది. ఆ అడవిలో మేకల దారులన్నిటికీ అడ్డంగా నిలబడి, దిగొద్దని చెప్పే ఉద్యోగం నీది.

ఈ ఉత్తరం మైలవరం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. నీ పేరు, మీ ఖాలా ఇల్లు చెప్పాను. పదకొండుకల్లా నీకు అందుతుంది. ఆధార్ కార్డు జేబులో పెట్టుకో. ఎవరినీ అడగొద్దు, అన్నానికి కూర్చోవద్దు. అదే బస్సు తిరిగొచ్చేటప్పుడు ఎక్కెయ్. స్టేషను గేటు దగ్గర చెట్టు కింద కూర్చుని ఉంటాను. నాతో మాట్లాడక్కర్లేదు, నన్ను చూడక్కర్లేదు. నేరుగా లోపలికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పు. నా పేరు గట్టిగా చెప్పు.

బస్సు హారన్ కొడుతోంది. చెప్పులేసుకో. రా.

కాశీరావు